తాతల కాలం నుంచి

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. నా పేరు అడగకండి. ఝరాసంగం దగ్గరి ఒక ఊళ్లో మా కులానికి పెద్దమనిషిని, అంతవరకు తెలిస్తే చాలు. మా నాన్న పోయాక ఆ పెద్దరికం నాకొచ్చింది. దానికి తగినవాణ్నా అని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

బండెప్ప చనిపోయిన రోజు సంగతి ఇది. అతనికి కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు, మంజుల. తండ్రికి తలకొరివి తనే పెడతానని అగ్గికుండ పట్టుకుంది. బండెప్ప తమ్ముడు మాణిక్ నా చెవి దగ్గరికి వచ్చాడు. తన కొడుకు చేత పెట్టిస్తే, రేపు అన్న పొలంలో వాటా అడగొచ్చన్నాడు. మాణిక్ నా మనిషి, నా మాట జవదాటనివాడు. నేను ముందుకు వెళ్లి చెయ్యి అడ్డం పెట్టాను.

“ఆడపిల్ల కొరివి పెట్టుడు మన కులంల లేదు.”

బండెప్ప భార్య సంగమ్మ ఏడుపు ఆపింది. “ఎప్పటిసంది లేదు పటేలా?”

“తాతల కాలంసంది.”

“మరి మీ పెద్దబాపుకు ఆయన బిడ్డనే పెట్టలేదా? నేను కొత్తగ కాపురానికొచ్చినప్పుడు. నా కండ్లతోటి చూసిన.”

నిజం. మా పెదనాన్నకు ఆయన కూతురే కొరివి పెట్టింది, ఆ రోజు కట్టెలు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడున్న ముసలివాళ్లందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. నలుగురిలో నా మాట పడిపోతోందన్న మంట తప్ప నాకింకేమీ తోచలేదు. కుండ లాక్కున్నాను. నిప్పులు ఆ పిల్ల పాదాల మీద పడ్డాయి. కొరివి మాణిక్ కొడుకే పెట్టాడు. పెద్దమనిషికి ఎదురు చెప్పిందని సంగమ్మ ఇంటిని కులం నుంచి వెలేశాను.

ఆ ఏడు ఎల్లమాస వచ్చింది. మా వైపు ఆ అమావాస్య నాడు ప్రతి ఇల్లూ సజ్జ రొట్టెలు, కూరలు కట్టుకొని చేనుకు పోతుంది. తమ చేనులో నుంచి ఎవరు పిలిచినా కూర్చుని ఇంత తినిపోవాలి, కాదనకూడదు. ఇది మాత్రం నిజంగా తాతల కాలం నుంచి ఉన్నదే. తల్లీకూతుళ్లు గట్టు మీద దుప్పటి పరిచి, వచ్చేపోయేవాళ్లను పిలిచారు. అందరూ నా ముఖం చూసి తప్పుకున్నారు. సంగమ్మ నన్నూ పిలిచింది. “రా పటేలా, ఒక్క రొట్టె తినిపో.” వినబడనట్టు నడిచి, పక్క చేనులో కడుపునిండా తిన్నాను. ఆమెకు వినబడేలా నవ్వుతూ తిన్నాను. రొట్టెలన్నీ కుక్కలకు వేశారని సాయంత్రం తెలిసి, బాగా అయింది అనుకున్నాను.

తర్వాత పొలం మాణిక్‌కు ఇప్పించాను. కులం మాట కదా, ఎవరూ అడ్డు చెప్పలేదు. తల్లీకూతుళ్లిద్దరూ జహీరాబాద్ వెళ్లి కూలి చేసుకుంటున్నారని విన్నాను. కనుక్కోవడానికి ఎన్నడూ పోలేదు.

ఆచారం నా చేత ఇదంతా చేయించిందా? చాలా కాలం అలాగే సరిపెట్టుకున్నాను. కాదు. నాకు పనికొచ్చినదాన్ని ఆచారం అన్నాను, అక్కర్లేనిదాన్ని తొక్కుకుంటూ పోయాను. తాతలు లేచి వచ్చి కాదనరన్న ధైర్యం నాది. వాళ్లు బతికుంటే వాళ్ల నోరూ మూయించేవాణ్నేమో, నన్ను నేను నమ్మలేను.

పోయిన నెల మా ఊళ్లో ఇంకొకరు పోయారు. వాళ్లకూ కూతురే. ఆ పిల్ల కుండకు చెయ్యి చాపగానే మా కుర్రాళ్లు ఆపారు. “మన కులంల లేదక్కా, తాతల కాలంసంది.” పాపం, వాళ్లు అబద్ధమాడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్నది అదే. ఆ పిల్ల తిరిగి నా వైపు చూసింది. లేదురా, అది నేను పుట్టించిన మాట అంటే సరిపోయేది.

నేను తలూపాను. కుర్రాళ్ల మాట నిజమేనన్నట్టు, అందరికీ కనబడేలా, నెమ్మదిగా తలూపాను.

ఈ సంగతి మీ ఒక్కరికే చెప్పాను. గొంతు కాస్త తేలికైంది. ఊళ్లో ఇంకా చెప్పలేదు. చెబుతానన్న నమ్మకమూ లేదు.