వెల్డరమ్మ కడుపులో కరెంటు

ఆ వీధిలో ఆమెను అందరూ మెరుపక్క అంటారు. ఇనుముకు వెల్డింగ్ రాడ్ తగలగానే షెడ్డు ముందు లేచే తెల్లటి వెలుగు తెచ్చిపెట్టిన పేరది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తారు. కొలతలు తీయడం, కోయడం, రంధ్రాలు వేయడం భర్త పని. అతికించడం ఆమె పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. మేనత్త కొడుకునే చేసుకుంది కాబట్టి ఇన్నేళ్లయినా ఆయన్ని బావ అనే పిలుస్తుంది.

"మా బావకి నిప్పురవ్వంటే భయం. అందుకే టేపు పట్టుకుని దూరదూరంగా తిరుగుతుంటాడు" అని ఆయన ముందే చెబుతుంది.

ఆయనేం తక్కువ తినలేదు. "ఇద్దరం మాస్కులు వేసుకుని కూర్చుంటే గేటు ఏ వైపుకి వంగుతోందో చూసేదెవరు?" అంటాడు.

అలాంటి మెరుపక్కకి కడుపు మొరాయించింది. మొదట్లో రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉండేది. తర్వాత్తర్వాత పొద్దున తిన్నది సాయంత్రం దాకా కదలకుండా అక్కడే కూర్చునేది. ఆపైన వాంతులు పట్టుకున్నాయి. మాస్కు దించుకుని అతుకు మధ్యలో ఉండగా వికారం పొంగుకొచ్చేది, రాడ్ బిగించిన హోల్డరు వదిలేసి షెడ్డు వెనక్కి పరుగు. గ్యాస్ అన్నారు కొందరు, పుండు అన్నారు కొందరు. ఒక డాక్టరైతే మనసులో ఏదో దిగులుందన్నాడు. "తిండి దిగకపోవడం తప్ప నాకింకే దిగులూ లేదండీ" అని చెప్పి వచ్చేసింది.

అత్తగారి ఆలోచన వేరు. ఇంత వయసులో కోడలు మళ్లీ నెల తప్పిందేమోనని ఆవిడ గుట్టుగా ఆశపడింది.

"అత్తా, వాంతులు మొదలైన రోజు నుంచీ లెక్కేసుకుంటే, వాణ్ణి ఈపాటికి బడిలో కూడా వేసేదాన్ని" అంది మెరుపక్క. దాంతో ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చివరికి పెద్దాసుపత్రిలో ఒక కడుపు డాక్టరమ్మ చేతిలో పడింది. నెరిసిన జుట్టు, తొందరలేని మాట. మందు కలిపిన తిండి పెట్టించి, అది ఎంతవరకు కదిలిందో గంటగంటకూ కెమెరా కింద చూశారు. అది కదిలింది లేదు.

"పుండు లేదమ్మా, గడ్డా లేదు. కడుపు గోడ తిండిని పిసికి కిందికి తోయాలి. తోయమని చెప్పే నరాలు మందగించాయి" అంది డాక్టరమ్మ.

"అంటే మోటారు బాగానే ఉంది, వైరింగ్ పోయిందంటారు."

డాక్టరమ్మ నవ్వింది. "ఇంచుమించు అలాగే అనుకో."

ముందు మాత్రలు వాడి చూశారు. ఒకటి వాంతులు ఆపింది గానీ చేతులు వణికించింది. వణికే చేత్తో రాడ్ పట్టుకుంటే అది పోయి ఇనుముకే అంటుకుపోతుంది. అది మానేసింది. ఇంకో మాత్రకి నిద్ర తప్ప ఇంకేం రాలేదు. మనిషి చిక్కి సగమైంది. చేతి తొడుగులు వదులై జారిపోతుంటే మణికట్టు దగ్గర తాడు కట్టుకునేది.

అప్పుడు డాక్టరమ్మ కరెంటు సంగతి ఎత్తింది. అగ్గిపెట్టె అంత యంత్రం. పొట్ట మీద చర్మం కింద పెడతారు. దాని నుంచి వచ్చే రెండు సన్నటి వైర్లను కడుపు గోడకి కుడతారు. అది తెలిసీ తెలియనంత చిన్న కరెంటుని ఆగి ఆగి పంపుతూ అక్కడి నరాలను తట్టి లేపుతుంటుంది.

"రోగాన్ని పూర్తిగా పోగొట్టేది కాదమ్మా ఇది. అందరికీ పనిచెయ్యదు కూడా. పనిచేస్తే వికారం, వాంతులు తగ్గుతాయి. అందుకే ముందు నోట్లోంచి ఒక సన్నటి వైరు దింపి, యంత్రాన్ని బయటే ఉంచి, కొన్నాళ్లు చూస్తాం. నీకు గుణం కనిపిస్తేనే ఆపరేషన్."

అలా మాట్లాడుతూనే ఆమె ముంజేతుల మీది చిన్న చిన్న మచ్చలు చూసి, "వంట దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండకూడదూ? నూనె బాగా చిందినట్టుంది" అంది. మెరుపక్క అప్పటికే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వికారం ఆపుకుంటోంది. ఊ అని తలూపింది.

వైరు దింపారు. మొదటి రెండు రోజులు ఏం తేడా లేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పళ్లెంలో పెట్టింది పెట్టినట్టు తినేసి, సాయంత్రం దాకా కడుపులో ఉంచుకుంది. అత్తగారు మంచం పక్కన గిన్నె పట్టుకుని కాపలా కూర్చుంది. ఆ గిన్నెతో అవసరమే పడలేదు. రాత్రి మళ్లీ తింది. ఆవిడ బయటికెళ్లి ముక్కు చీదుకుని వచ్చి, "వరండాలో దుమ్ము" అంది.

ఆపరేషన్‌కి ముందురోజు డాక్టరమ్మ వచ్చి జాగ్రత్తలు చెప్పింది.

"కొన్ని దుకాణాల గుమ్మాల దగ్గర దొంగతనం పట్టే కమ్మీలుంటాయి. వాటి మధ్య నిలబడి కబుర్లు చెప్పకుండా దాటెయ్యాలి. ఎవరైనా ఎమ్మారై తీస్తామంటే ముందు నన్నడగాలి. మగవాళ్లకైతే ఇంకో తంటా ఉంది, వెల్డింగ్ పనిచేసేవాళ్లని ఆ పని మానెయ్యమని చెప్పాల్సొస్తుంది. నీకా బాధ లేదులే."

బావ గొంతు సవరించుకున్నాడు.

"డాక్టరు గారూ, వెల్డరు మా ఆవిడేనండి."

"ఏంటి?"

"గేట్లూ, గ్రిల్సూ. నేను కొలుస్తాను, తను అతికిస్తుంది."

డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. "మరి ఇవి?"

"నిప్పురవ్వలండీ. కూర మాడుస్తానని మా అత్త నన్ను పొయ్యి దగ్గరికే రానివ్వదు."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏం పని చేస్తావని నేను అడగాలమ్మా. అడక్కుండా అనేసుకున్నాను" అంది. ఆపరేషన్ వాయిదా వేసింది. తేల్చుకుని చెప్పమంది.

వైరు తీసేశారు. ఇంటికొచ్చిన వారానికే వాంతులు తిరిగొచ్చాయి. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే, తిండా, చేతిలో పనా.

అత్తగారు క్షణం కూడా ఆలోచించలేదు. "ముందు మనిషి బతికుంటే కదే పని."

బావ కూడా అదే పాట. "షెడ్డు మూసేద్దాం. నువ్వు తింటే నాకంతే చాలు."

"మూసేసి ఆ టేపుతో ఏం కొలుస్తావు బావా, నా నడుమా?"

నవ్వించింది గానీ ఆమెకి నిద్ర పట్టలేదు. ఇనుమూ ఇనుమూ కరిగి ఒకటవుతుంటే మాస్కు లోంచి చూడటం ఆమెకి కూడు పెట్టే పనే కాదు, ఇష్టం. అది లేకుండా ఏం తిని ఏం లాభం అనుకుంది. తినకుండా ఎన్నాళ్లు చేస్తానులే అని కూడా అనుకుంది. ఏడుస్తూ కూర్చునే రకం కాదు కాబట్టి నేరుగా డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది.

"వెల్డింగ్‌లో పడనిది ఏంటండీ? వేడా, వెలుగా, కరెంటా?"

"కరెంటే. ఆ లావు వైర్లలో పోయేది మామూలు కరెంటు కాదు. దాని చుట్టూ అయస్కాంతంలా ఒక బలం పుడుతుంది. అది తగిలితే నీ యంత్రం ఆగిపోవచ్చు, తిక్కగా పనిచెయ్యొచ్చు."

"మరి గ్యాస్ వెల్డింగ్? రెండు సిలిండర్లు, మంట చిమ్మే ఒక టార్చ్. మా నాన్న మొదట్లో దాంతోనే చేసేవాడు. అందులో కరెంటుండదు, మంటే."

డాక్టరమ్మ వెంటనే సరే అనలేదు. యంత్రం తయారుచేసేవాళ్లని అడిగి కబురు చేస్తానంది, చేసింది. గాయం మానాక మంటతో పని చేసుకోవచ్చు. కరెంటు వెల్డింగ్ జరిగే దరిదాపులకు మాత్రం పోకూడదు. హోల్డరు పట్టుకోకూడదు, ఒక్క చుక్కంత అతుకుకైనా సరే.

ఆపరేషన్ అయింది. గాయం మానేలోపు బావ కరెంటు మెషిన్‌ని షెడ్డులోంచి తీయించి, పెరటి చివర గోడ అవతలికి మార్చాడు. సిలిండర్లు తెచ్చాడు.

మంట మాత్రం ఆమెని అంత తేలిగ్గా దగ్గరికి రానివ్వలేదు. కరెంటు వెల్డింగ్ తాకగానే పట్టుకుంటుంది. మంటకి తొందరుండదు, ఇనుము ఎర్రబడి చెమర్చేదాకా ఆగాలి. మొదట పట్టిన రేకు వర్షంలో నానిన అట్టలా మెలితిరిగింది. రెండోదానికి బొక్క పడింది. "సిగ్గేముంది, కొత్తగా చేరినదాన్ని" అనుకుంటూ తుక్కు రేకుల కుప్పంతా ముందేసుకుంది. ఆ కుప్ప తరిగేసరికి చెయ్యి కుదిరింది. పల్చటి గొట్టాలు, సైకిల్ ఫ్రేములు, కారిపోయే డబ్బాలు, వేరే షెడ్లవాళ్లు మాకొద్దన్నవి ఆమె దగ్గరికి రావడం మొదలైంది.

గేట్ల అతుకు పని బావ నెత్తిన పడింది. నిప్పురవ్వంటే భయపడే మనిషి మాస్కు వేసుకున్నాడు. ఆమె గోడకి ఇవతలే ఉండి, మెషిన్ ఆపేశాక చల్లారిన అతుకుని తెప్పించుకుని చూసేది.

"ఇది అతుకంటారా, కోడి గీకిందంటారా?"

"కొత్తగా చేరినవాణ్ణి."

"గీకెయ్. మళ్లీ వెయ్."

ఇప్పుడు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటుంది. చెడ్డ రోజులు లేవని కాదు, అప్పుడప్పుడు వస్తాయి. అలాంటప్పుడు డాక్టరమ్మ పొట్టమీద ఒక చిన్న పరికరం ఆనించి కరెంటుని కాస్త పెంచుతుంది. చేతి తొడుగులకి తాడు అక్కర్లేదు.

మొన్నొక రోజు బావ కొలతలకి వెళ్లినప్పుడు, ఒక వ్యాను డ్రైవరు వెనక తలుపు బందు విరిగిందని వచ్చాడు. పాత ఖాతాదారే.

"అక్కా, సరుకుంది. ఒక్క చుక్క పెట్టు చాలు, పోతాను."

"బావ వస్తాడు, ఆగు."

"అరనిమిషం పనికి ఆయనెందుకక్కా? మెషిన్ ఉంది, నువ్వున్నావు. ఎవరు చూడొచ్చారు?"

పెరటి గోడకున్న తలుపు తెరిచే ఉంది. మెషిన్ మీద హోల్డరు వేలాడుతూ కనిపిస్తూనే ఉంది. ఆ బందుకి రాడ్ ఎక్కడ తగలాలో, ఎంత ఒరగాలో ఆమె చేతికి తెలుసు. కాసేపు అటే చూసింది. లేచి వెళ్లి పెరటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"చూసేది నా లోపలే ఉందిలే. కూర్చో."

"ఆయన అతుకు నిలుస్తుందా మరి?"

"నేను చూడకుండా నీ బండి గేటు దాటదు."

డ్రైవరు గొణుక్కుంటూ ఇనప స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె చేతులు కడుక్కుని అన్నం డబ్బా మూత తీసి, తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, బాగా నములుతూ. సగంలో ఉండగా బావ వచ్చాడు. వ్యానునీ, డ్రైవరునీ, ఆమెనీ చూశాడు.

"ఏంటి, తొందర పనా?"

"ఇతనికే" అంది మెరుపక్క, ఇంకో ముద్ద కలుపుకుంటూ.