చెండు ఎగిరే రీలు, ఓబుళమ్మ వ్యాఖ్యానం

1959 వేసవిలో నన్ను హిందూపురం ప్రచార యూనిట్‌కు ఆపరేటరుగా వేశారు. యూనిట్ అంటే ఒక వ్యాను, జనరేటరు, పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, మడతపెట్టే తెర, ఒక డ్రైవరు, నేను. మా మీద ఒక ప్రచార సహాయకుడు, ఆయన మీద అనంతపురంలో జిల్లా అధికారి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు నెలనెలా టూరు ప్రోగ్రాము వచ్చేది. టీకాలు, ఎరువులు, పొదుపు మీద తీసిన సినిమాలు చూపించాలి. వాటి కోసం ఎవరూ చాప చంకలో పెట్టుకుని రారు గనక, ముందు గీసిన బొమ్మలు కదిలే కార్టూను రీలు ఒకటి ఆడించి జనాన్ని కూర్చోబెట్టేవాళ్లం.

ఆ బొమ్మల రీలు అప్పటికే పాతది. విదేశీది, నలుపు తెలుపు, నిడివి పది నిమిషాలు. ఒక ఓడ దేశదేశాలు తిరుగుతూ ఒక్కో రేవులో ఆగి, అక్కడి మనుషుల మీద ఒక హాస్యం విసిరి ముందుకు పోతుంది. చివర్లో పాట మాటలు తెర మీద పడతాయి. ఒక తెల్ల చెండు ఒక్కో మాట మీద గెంతుకుంటూ పోతుంది. చెండు ఏ మాట మీద ఉంటే ఆ మాటను చూసేవాళ్లంతా కలిసి పాడాలి. పాటేమో ఇంగ్లీషు. మా జనంలో తెలుగు చదవగలిగేవాళ్లే తక్కువ. అయినా పెనుకొండలో మొదటిసారి వేసినప్పుడు చెండు గెంతినప్పుడల్లా చప్పట్లు కొట్టి, నోటికొచ్చిన కూతతో పాట పూర్తి చేశారు. హిందూపురంలో సగం మంది కన్నడంలో, సగం మంది తెలుగులో ఏవేవో పాడారు. చెండుకు ఏ భాషైనా ఒకటే.

ప్రొజెక్టరు ధ్వని తగ్గించి, మైకులో తెలుగులో వివరించడం కూడా ఆపరేటరు పనే. దాన్ని వ్యాఖ్యానం అనేవాళ్లం. నాకది బాగా వచ్చునని కాస్త గర్వం ఉండేది. ఓడకు చివరి రేవు మన దేశం. పాములవాడు, మేకుల మీద పడుకున్న సన్యాసి, పీపాలాంటి రాజు, ఆ వెనక కుండ ఎత్తుకున్న ఒక ముసలామె. చీర కాళ్లకు చుట్టుకుని ఆమె బొక్కబోర్లా పడుతుంది, కుండ పగులుతుంది. "ఇదిగో, మన దేశానికి వచ్చేశాం!" అని నేను ప్రతిసారీ పగలబడి నవ్వేవాణ్ణి. జనమూ నవ్వేవాళ్లు.

ధర్మవరంలో మగ్గాల వీధిలో ఆడవాళ్లకు సాయంత్రం గంటసేపు అక్షరాలు నేర్పే వయోజన పాఠశాల ఒకటి ఉండేది. నడిపేది సుబ్బలక్ష్మి టీచరు. హాజరు పట్టీలో పదిహేను పేర్లు లేకపోతే దాన్ని మూసేస్తారు. ఆమె దగ్గర తొమ్మిదే ఉన్నాయి. నెలాఖరుకు ఇన్‌స్పెక్టరు రాబోతున్నాడు. మా రీలు సంగతి విని ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"సార్, ఆ చెండు ఇంగ్లీషు మీదే ఎగరాలా? మన అక్షరాల మీద ఎగరేస్తే మా వీధి ఆడోళ్లు రారా?" అని అడిగింది.

రీలును మార్చే వీల్లేదు గానీ, స్లైడు చేయవచ్చు. గాజు పలక మీద సిరాతో రాసి, వ్యానులో ఉన్న స్లైడు దీపం ముందు పెడితే ఆ రాత తెర మీద పెద్దదిగా పడుతుంది. టీచరు తనే కట్టిన రెండు వరుసలు రాసింది: "అంచు చూడు, కొంగు చూడు, అల్లి నేసిన చేయి చూడు." తీగ చివర రబ్బరు బంతి గుచ్చి తెర ముందు ఆడిస్తే దాని నీడే మా చెండు. ముందు రీలు వేసి పద్ధతి చూపించాలి, తర్వాత స్లైడు వేసి చదివించాలి, అక్కడికక్కడే పేర్లు రాసుకోవాలి. ఇదీ మా పథకం.

పొద్దు మునగ్గానే వీధంతా నిండిపోయింది. ఓడ రేవులన్నీ దాటి మన దేశం చేరింది. ముసలామె పడింది. నేను అలవాటు ప్రకారం మైకులో నవ్వాను. నా నవ్వు ఒక్కటే వినిపించింది. ఇంటింటా పట్టుచీరలు నేసే వీధి అది. తెర మీద ఆమెకు చుట్టింది చీర కాదు, మూటకు కట్టిన గుడ్డ. అది వాళ్లకు మొదటి చూపులోనే తెలిసిపోయింది.

మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టే ఓబుళమ్మ లేచి నిలబడింది. వీధిలో ఆడవాళ్లందరికీ పెద్ద. ఆమె మాట కాదని ఎవరూ గడప దాటరు.

"ఏమప్పా మైకాయనా! ముసలిది కింద పడితే నీకు నవ్వొస్తాండాదా? మీ అవ్వ గూడా కోక ఇట్లే కట్టుకుంటాదా?"

ఆమె వెళ్లిపోయింది. ఆమె వెనకే ఆడవాళ్లంతా చాపలు చుట్టుకుని లేచారు. స్లైడు పెట్టెలోంచి బయటికే రాలేదు.

"మీ నవ్వుతో నా బడి మూతపడింది సార్," అంది టీచరు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అన్నిసార్లు ఆడించిన రీలును నేను ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే టీచరును వెంటబెట్టుకుని ఓబుళమ్మ ఇంటికి పోయాను. ప్రభుత్వ ప్రింటును అంగుళం కత్తిరించాలన్నా జిల్లా అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. అది లేకుండానే కత్తిరించడానికి సిద్ధపడ్డాను.

"తప్పయింది అవ్వా. ఆ ముక్క తీసేస్తాను," అన్నాను.

ఆమె చుట్టడం ఆపలేదు. "తీసేస్తే మాకు కనబడదు. అంతే గదప్పా? గీసినోనికి కోకంటే తెల్దు, పోనీలే అనుకుంటిమి. నీకు తెల్దా? నువ్వు నవ్వితివి సూడు, దానికే మా కడుపు మండింది." నిండిన కండె పక్కన పెట్టి అంది: "ఈ పొద్దు మళ్లా ఎయ్యి. ఆ ముసలిది వచ్చేటప్పుడు నువ్వు నోరు మూసుకోని ఉండు. మైకు నాకియ్యి."

బయటివాళ్లకు మైకు ఇవ్వకూడదు. ఆ రోజు ప్రోగ్రాము ముదిగుబ్బలో ఉంది, దాన్ని వాయిదా వేసే అధికారమూ నాకు లేదు. రెండు పనులూ చేశాను.

సాయంత్రం ఓడ మన రేవుకు రాగానే మైకు ఆమె చేతికిచ్చాను. "జూడండమ్మా, ఇది మన దేశమంట! ఆ కోకకు కుచ్చిళ్లు యాడ? అంచు యాడ? కొంగు ఏ బుజం మీద ఉండాదో గీసినోనికే తెల్దు. ఇట్లాంటిది నేసకొస్తే మా వీధిలో కూలి గూడా ఇయ్యరు. ఇది కట్టుకుంటే పడక ఏం జేస్తాది, పాపం!" వీధి వీధంతా విరగబడి నవ్వింది. మగవాళ్లు కడుపు పట్టుకున్నారు. ముసలామె పడినప్పుడు మాత్రం "అయ్యో" అన్నారు.

తర్వాత స్లైడు వేశాం. టీచరు బంతి ఆడిస్తుంటే మొదటిసారి వెంట పాడారు. మూడోసారి ఆమె బంతి దించేసి "కొంగు" అన్న మాట మీద వేలు పెట్టి చూపితే, సగం మంది చదివారు. ఆ సాయంత్రం ఓబుళమ్మ పేరు మొదలుకొని కొత్తగా ఎనిమిది పేర్లు చేరాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి పట్టీ చూసి సంతకం చేసి పోయాడు. బడి నిలబడింది.

నాకు మాత్రం సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. రెండు తప్పులూ ఒప్పుకున్నాను. సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది.

ఈ మధ్య అలాంటి పాత రీళ్లు కొన్ని మళ్లీ చూశాను. పనితనానికి వంక పెట్టలేం. ఓడ ఊగడం, చెండు సరిగ్గా మాట పలికే క్షణంలోనే దిగడం ఇప్పటికీ ముచ్చటగా ఉన్నాయి, కాలు దానంతటదే తాళం వేస్తుంది. రేవుల హాస్యం మాత్రం చెడిపోయింది, మన రేవుదే కాదు, అన్ని రేవులదీ. ఆ మిగతా రేవుల దగ్గర ధర్మవరంలో కూడా ఎవరూ లేవలేదు, నేనూ నవ్వు ఆపలేదు. ఓబుళమ్మ తర్వాత నా సర్వీసంతా ఒక పద్ధతి పెట్టుకున్నాను. కొత్త రీలు వస్తే మైకు కట్టేసి, ఒకసారి నేల మీద కూర్చుని చూసేవాణ్ణి. అందులో కింద పడేది ఎవరో తెలిసేదాకా వ్యాఖ్యానం రాసుకునేవాణ్ణి కాదు.