ఎడమపక్క కూర్చున్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని మాఘ బహుళ దశమి నాడు పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి ఫోనొచ్చింది. ఆవిడ కొడుకు, మా అన్నయ్య, రెండే ముక్కలు చెప్పాడు. "అమ్మ పోయిందే. పాపని కూడా తీసుకురా." చావింటికి చిన్నపిల్లల్ని తీసుకురమ్మని ఎవరూ అనరు. మాకు మాత్రం ఆ మాట వింతగా అనిపించలేదు. పెద్దమ్మ ఉన్నచోట పిల్లలు లేకపోవడమే మాకు వింత.

మాది మెట్ట ప్రాంతం. మేం ఎరిగిన నీళ్ళు వేదాద్రి దగ్గర కృష్ణ, పెనుగంచిప్రోలు దగ్గర మున్నేరు, అంతే. పెద్దమ్మ వాళ్ళది కిరాణా హోల్‌సేలు కొట్టు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు ఏటా బందరు వెళ్ళి, చేపల పడవెక్కి, వీధిలో పిల్లలందరికీ సముద్రంలో డాల్ఫిన్లని చూపించుకొచ్చేదంటే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. పాతవాళ్ళు నమ్మేవాళ్ళు గానీ ముక్కున వేలేసుకునేవాళ్ళు.

అదంతా నా చదువుతో మొదలైంది. తొంభైల మొదట్లో నేను ఆరో ఏడో చదువుతున్నాను. తిమింగలం చేప కాదనీ, పిల్లలకి పాలిస్తుందనీ వాళ్ళ అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతున్నాను. పక్కన చేటలో బియ్యం ఏరుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"నీళ్ళల్లో పాలెట్లా ఇస్తుందే?"

"ఏమో. నువ్వెప్పుడన్నా చూశావా?"

"చూళ్ళేదు. చూడందాని గురించి నీకేం చెప్పను? చూసొద్దాం పద."

వేళాకోళం అనుకున్నాను. ఆవిడ మాత్రం కొట్టుకి సరుకు తెచ్చే లారీ డ్రైవరుని పట్టుకుని, బందరు దగ్గర మోటారు పడవ నడిపే ఒకాయన్ని మాట్లాడించింది. పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. డాల్ఫిన్లు తరచుగానే కనిపిస్తాయనీ, తిమింగలం మాత్రం మన అదృష్టమనీ ఆయన కబురు పంపాడు. ఆ అదృష్టమేదో చూద్దామని ఆవిడకి పట్టుకుంది. తిమింగలాన్ని చూడాలి, పిల్లలతో కలిసి చూడాలి. చివరిదాకా ఆవిడ కోరిన కోరిక నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటి ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్దనాన్న పంచాంగం తిరగేసి మంచి దశమి చూశారు. వ్యాను తెల్లారకముందే వచ్చినా, దుర్ముహూర్తం వెళ్ళేదాకా కదలనివ్వలేదు. నందిగామలో ఆవిడ పుట్టింటి వీధి పిల్లల్ని కూడా ఎక్కించుకుని, పులిహోర డబ్బాలతో, కొబ్బరికాయలతో మేం బందరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చూస్తే పడవ బురదలో కూర్చుని ఉంది. సముద్రంలోకి వెళ్ళే కాలవలో పీతలు తిరుగుతున్నాయి గానీ చుక్క నీరు లేదు.

"ఇంత ఆలస్యంగా వస్తే ఎట్టాగమ్మా? పాటుకి నీళ్ళన్నీ తీసేసినయ్. మళ్ళీ పోటొచ్చేసరికి పొద్దుగూకిద్ది," అన్నాడు సరంగు.

"మా వేదాద్రిలో ఎప్పుడెళ్ళినా నీళ్ళుంటాయండీ," అంది పెద్దమ్మ, తప్పంతా సముద్రానిదే అయినట్టు.

"అది ఏరు తల్లీ. ఇక్కడ నీళ్ళకి తిథి ఉంటది. పొద్దున పూట పడవ కదలాలంటే అమావాస్యకో పున్నానికో రండి. తెల్లారేసరికి కాలవ నిండుగా ఉండిద్ది."

గట్టు మీదే పులిహోర తిని, పీతల్ని చూసి, ఇంటికొచ్చాం. మా అమ్మ అడిగితే తిమింగలాలు ఇవాళ సెలవులో ఉన్నాయని చెప్పాను. పెద్దమ్మ ఊరుకోలేదు. "మనం చూసింది పీతలు. పీతలనే చెప్పు," అంది.

ఆ చలికాలంలో పున్నమి ఒక్క ఆదివారానికి కూడా కలవలేదు. కలిసింది అమావాస్యే. ఆదివారం అమావాస్య! దిష్టి తీసే రోజున పిల్లల్ని సముద్రం మీదికి పంపమంటే ఏ తల్లి పంపుతుంది? పెద్దమ్మ ఇంటింటికీ తిరిగింది. "మంచిరోజు చూసుకుని వెళ్ళి బురద చూసొచ్చాం కదా వదినా. అమావాస్య మనకి చెడ్డదేమో గానీ పడవకి మంచిదే," అనేది. సగం మంది తల్లులు ఒప్పుకున్నారు. తక్కినవాళ్ళు, ఆ పిల్లలు తిరిగొచ్చాక వచ్చే ఏటికి తమ పిల్లల పేర్లు చెప్పుకున్నారు. అప్పటినుంచి పెద్దనాన్న కొట్లో అందరితో, "మా ఆవిడ అమావాస్యకో పున్నానికో తప్ప ఇల్లు కదలదండీ," అని ఆటపట్టించేవారు.

ఆ రోజుల్లో పిల్లలకి తొడగడానికి లైఫ్‌జాకెట్లు ఎక్కడివి? జాతీయ రహదారి మీద ఊరు కాబట్టి మాకు లారీ ట్యూబులకి కరువు లేదు. పెద్దమ్మ పంక్చరు షాపులో గాలి కొట్టించి పిల్లకొకటి చొప్పున చంకల కింద ఇరికించి తాళ్ళతో కట్టేది. వ్యాను నిండా నల్ల ట్యూబులూ, వాటి మధ్య మా తలకాయలూ. పడవలో చేపల వాసనకి ఆవిడ కొంగు చివర కర్పూరం బిళ్ళ ముడేసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. సరంగు ఇంటికి ఏటా కందిపప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకెళ్ళేది. దిగేటప్పుడు ఆయనకి దణ్ణం పెట్టకుండా పరిగెత్తితే చెవి మెలిపెట్టేది. "ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్యానా?" అనేది.

సరంగు పెట్టిన షరతు ఒక్కటే. పిల్లలందరూ ఒక పక్కకి పడితే పడవ ఒరుగుతుంది. అందుకని పెద్దమ్మ మమ్మల్ని సగం కుడిపక్క, సగం ఎడమపక్క కూర్చోబెట్టేది. నడుమ ఇంజను పెట్టె, దాని మీద మా తలలకంటే ఎత్తుగా వలల కుప్ప. ఒక పక్కవాళ్ళకి రెండో పక్క కనిపించదు. "ఏది కనిపించినా సరే, లేచేది లేదు. చూసినవాళ్ళు ఇంటికెళ్ళేటప్పుడు వ్యాన్లో చెప్పాలి, చూడనివాళ్ళు వినాలి," అనేది. డాల్ఫిన్లు రెండు పక్కలా వచ్చేవి. అవి వీపులు చూపించి మునుగుతుంటే మేం పిడికిళ్ళు బిగించి, కూర్చున్నచోటే గంతులేసేవాళ్ళం.

మూడో ఏడో నాలుగో ఏడో సరిగ్గా గుర్తులేదు. తీరం సన్నటి గీతలా కనిపించేంత దూరం వెళ్ళాం. ఉన్నట్టుండి కుడిపక్క నుంచి కేకలు. సరంగు కూడా చిన్నపిల్లాడిలా అరిచాడు.

"అదుగో! తిమింగలం! అమ్మగారూ, అదుగో తిమింగలం!"

నేను ఎడమపక్క ఉన్నాను. పెద్దమ్మ నా పక్కనే ఉంది. మా పక్క పిల్లలందరూ ఒక్కసారి లేవబోయారు. ఆవిడ ఒక చేత్తో నా చెయ్యి, ఇంకో చేత్తో పక్కపిల్ల గౌను పట్టుకుని, కాళ్ళు చాపి తక్కినవాళ్ళకి అడ్డం పెట్టింది. "కూర్చోండి!" అంది. ఆవిడ గొంతు అంత కరుగ్గా నేనెప్పుడూ వినలేదు.

"నువ్వన్నా లేచి చూడు పెద్దమ్మా!" అన్నాను ఏడుస్తూ.

"నేను లేస్తే మీరందరూ లేస్తారు. కూర్చో."

తల కూడా తిప్పలేదు. ఎదురుగా ఖాళీ నీళ్ళకేసి చూస్తూ, కుడిపక్క కేకలు సద్దుమణిగేదాకా మమ్మల్ని అలాగే పట్టుకుంది. తరవాత నా మణికట్టు చూసుకుంటే ఆవిడ గాజుల అచ్చులు పడి ఉన్నాయి.

వ్యాన్లో మా పక్కవాళ్ళందరం మూతులు ముడుచుకుని కూర్చున్నాం. "నేనూ చూళ్ళేదుగా. అందరం కలిసి విందాం," అని పెద్దమ్మ కుడిపక్కవాళ్ళ చేత చెప్పించింది. పంక్చరు షాపు వాళ్ళబ్బాయి తిమింగలం పెద్దమ్మ వాళ్ళ కొట్టు గోడౌనంత ఉందన్నాడు. "నువ్వు అనుకున్నది కాదురా, చూసింది చెప్పు," అంది. వాడు ఆలోచించి, "నల్లగా వీపు కనిపించిందండీ. తుమ్మినట్టు నీళ్ళు పైకి కొట్టింది. అంతే," అన్నాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, "మళ్ళీ చెప్పు," అంది. నందిగామ వచ్చేదాకా వాడి చేత చెప్పించుకుంటూనే ఉంది.

మరుసటేటి నుంచి అందరికీ కుడిపక్కే కావాలి. చూడనివాళ్ళని కుడికి మార్చింది గానీ తను మాత్రం ఎడమపక్కే కూర్చుంది. ఒకసారి పోట్లాడాను. ఇన్నేళ్ళూ తిరిగింది నువ్వు, కుడిపక్కకి రావచ్చుగా అని. "కుడిపక్క కూర్చోడానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదే. ఎడమపక్కకే మనిషి కావాలి," అంది. తిమింగలం మళ్ళీ ఏ పక్కా రాలేదు. మోకాళ్ళు మొరాయించి ఆవిడ పడవెక్కడం మానేసే నాటికి మేం చాలామందిమి పెద్దవాళ్ళమై పోయాం.

పోయిన కార్తీకంలో చూడ్డానికి వెళ్తే మంచం మీద ఉంది. మా పాప చెయ్యి పట్టుకుని తిమింగలం నీళ్ళు ఎలా కొట్టిందో చెబుతోంది. చూడందాని గురించి చెబుతున్నావేం అని ఆటపట్టించాను. "చూసినవాడు చెప్పింది చెబుతున్నా," అంది. తరవాత నాకేసి తిరిగి, "ఈసారి వెళ్తే కుడిపక్క కూర్చుంటానే. ఎడమపక్క నువ్వు చూసుకో," అంది. సరేనన్నాను. అప్పుడు నవ్వుతూనే అన్నాను గానీ ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

అస్థికలు వేదాద్రిలో కలుపుదామన్నారు బంధువులు, దగ్గర కదా అని. పెద్దనాన్న ఒప్పుకోలేదు. బందరే అన్నారు. కలిపే రోజు అమావాస్య, చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం మీదికేమిటని ఒకాయన సణిగాడు. "ఆవిడ వెళ్ళేది అమావాస్యకే కదండీ," అన్నారు పెద్దనాన్న. ఈసారి ఆ మాటలో వేళాకోళం లేదు.

తెల్లారేసరికి కాలవ నిండుగా ఉంది. సరంగు కొడుకు నడిపాడు. సరంగు కూడా కర్ర పట్టుకుని వచ్చి పడవ ముందు భాగంలో కూర్చున్నాడు. అప్పటి పిల్లలమూ, మా పిల్లలూ, ఎవరూ చెప్పకుండానే సగం అటూ సగం ఇటూ సర్దుకున్నాం. అన్నయ్య అస్థికల కుండ పట్టుకుని అలవాటుగా ఎడమపక్కకి రాబోయాడు. పెద్దమ్మ నాతో అన్న మాట చెప్పాను. అన్నయ్య కుండతో కుడిపక్కకి వెళ్ళాడు. బరువు సరిపోవాలి కదా, పంక్చరు షాపు వాళ్ళబ్బాయి అక్కణ్ణుంచి లేచి మా పక్కకి వచ్చి కూర్చున్నాడు.

తీరం గీతలా మారాక ఇంజను ఆపారు. కాసేపటికి కుడిపక్క నుంచి ఎవరో, "అదుగో!" అన్నారు. తరవాత అందరూ అన్నారు. మా పాప లేవబోయింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. వలల కుప్ప అవతల అన్నయ్య గొంతు, "అమ్మా, చూడవే," అంటోంది. అదేమిటో వ్యాన్లో చెబుతార్లే అనుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ నీళ్ళకేసి చూస్తూ, పాప చెయ్యి వదలకుండా అలాగే కూర్చున్నాను.