ఏడెన్‌లో పరదా వెనక దుకాణం

లక్ష్మీనర్సయ్యకు నల్లగొండలో బట్టల దుకాణం ఉండేది. తమ్ముళ్లిద్దరూ చేతికందాక మిర్యాలగూడలో ఒకటి, సూర్యాపేటలో ఒకటి తెరిచి, మూడింటికీ ఒకటే పేరు రాయించి బోర్డులు కట్టించాడు. మూడూ బాగా నడిచాయి. ఆ ధైర్యంతోనే యాభై ఆరులో, నాలుగోది ఏడెన్‌లో పెడతానని ఇంట్లో చెప్పాడు.

ఏడెన్ ఎటు దిక్కుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అరబ్బు దేశం కొసన ఓడలు ఆగే రేవు అని, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉందని అతనే చెప్పాడు.

అతని భార్య ఆండాళు పుట్టపాక పద్మశాలీల ఆడబిడ్డ. ఆ ఊళ్లో నేసే తేలియా రుమాళ్లు బొంబాయి షావుకార్ల చేతుల మీదుగా ఓడలెక్కి ఎప్పటినుంచో అరబ్బు దేశాలకు పోతున్నాయి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి నేసే ఎర్రటి, నల్లటి రుమాళ్లవి. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటాయి. నడుమ షావుకారు లేకుండా మనమే అక్కడ అమ్ముకుందామని లక్ష్మీనర్సయ్య ఆలోచన.

మామ చంద్రయ్య మగ్గం గుంటలో కూర్చునే విన్నాడు. "మా తాత నేసిండు, మా బాపు నేసిండు, నేను నేస్తున్న. గివి ఎవరి తలకెక్కుతున్నయో మేమెవ్వరం చూడలే. నువ్వన్న చూసి రా, అల్లుడా," అన్నాడు.

పోయినవాడు ఏడాదిన్నరకు తిరిగొచ్చాడు. మనిషి సగమయ్యాడు. మంచమ్మీద కూర్చుని, అడిగితే గానీ చెప్పలేదు.

"నల్లగొండల అమ్మినట్టే ఆడ అమ్ముత అనుకున్న. పొద్దుగాల నేను దుకాణం సర్దుకునేసరికి ఎండ ముదురుతది, ఊరు ఊరంత పండుకుంటది. మళ్ల చీకటి పడ్డంకనే బజారు లేస్తది. నాకు గది తెల్వనీకే ఎన్నో దినాలు పట్టింది. మొదటి మూటల్ల అంచుకు ఏనుగులు, సింహాలు ఉన్నయి. తీసుకుంటరు, తిప్పి చూస్తరు, మెల్లగ మల్ల అక్కడ్నే పెడతరు. ప్రాణమున్న బొమ్మ కట్టుకొని నమాజుకు ఎట్ల పోతమని ఒక ముసలాయన చెప్పేదాంక నాకు సమజ్ కాలే. ఇగ పక్క దుకాణంల జపాను అచ్చు రుమాళ్లు. అగ్గువ, మన ధరల సగం."

చివరికి అసలు సంగతి చెప్పాడు. "ఇంటికి ఏం కొనాల్నో చెప్పేది ఆడ కూడ ఆడోళ్లే. మగోడు కూసున్న దుకాణంకు వాళ్లు రారు."

ఆండాళు చాటలో బియ్యం ఏరుతోంది. "నేను కూసుంటే?" అంది.

తమ్ముళ్లు నవ్వారు. లక్ష్మీనర్సయ్య నవ్వలేదు. ఆలుమగలకు పిల్లలు కలగలేదు. ఆమెను ఇక్కడ పట్టి ఉంచేదేమీ లేదు. ఆ చలికాలమే ఇద్దరూ బొంబాయి రైలెక్కారు.

ఓడ కదిలాక ఆండాళు చాలాసేపు పైన నిలబడిపోయింది. ఎండాకాలం పుట్టపాక బావిలో బొక్కెన వేస్తే సగం బురద వచ్చేది. ఆ సగం బురద కోసమే వాడకట్టు ఆడవాళ్లంతా తెల్లారకముందే వరుస కట్టేవాళ్లు. ఇక్కడ ఏ దిక్కు చూసినా నీళ్లే. వాటికి అవతలి ఒడ్డంటూ ఉందని నమ్మడం ఆమెకు కష్టమైంది. భూమ్మీద ఇన్ని నీళ్లుంటే, తమ దిక్కు ఎందుకు చేరలేదో ఎవరిని అడగాలో తెలియలేదు. భర్త రెండుసార్లు పిలిచినా కిందికి దిగలేదు.

ఐదారు రోజులకు, ఒక తెల్లవారుజామున ఏడెన్ కనపడింది. సముద్రంలోంచే నిట్టనిలువుగా లేచిన నల్లటి గుట్టలు. నల్లగొండ గుట్టల్లాగే రాళ్లు, కానీ ఒక్క గడ్డిపోచ లేదు. ఎప్పుడో నిప్పు కక్కి చల్లారిన కొండ కడుపులోనే ఊరు కట్టుకున్నారని లక్ష్మీనర్సయ్య చెప్పాడు. నిప్పు ఉన్న చోట మనుషులు ఇండ్లు కట్టి, పిల్లల్ని కని, బజార్లు పెట్టుకున్నారు. ఆండాళు తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

పాత దుకాణమే మళ్లీ తెరిచి, వెనక గదికి పరదా కట్టారు. గల్లీ వైపు విడిగా ఒక తలుపు పెట్టారు. ఆమె చాప మీద రుమాళ్లు పరుచుకుని కూర్చుంది. రోజులు పోతున్నాయి, ఎవరూ రావడం లేదు. నల్లటి బురఖాల్లో ఆడవాళ్లు గల్లీలో నడుస్తూ ఒక్క క్షణం ఆగి, లోపలికి చూసి వెళ్లిపోయేవాళ్లు. పిలుద్దామంటే వాళ్ల భాష ఆమెకు రాదు.

ఒక సాయంత్రం ఆమె పరదాకు ఇవతలి నుంచే భర్తతో, "ఏమయ్యా, గా మూట జర ఇటు దొర్లియ్యి. గిట్ల అడ్డం పెడితే నేనెట్ల తీయాలె?" అంది.

గల్లీలో పోతున్న ఒకామె అక్కడే నిలిచిపోయింది. తర్వాత లోపలికి వచ్చి, ముఖం మీది గుడ్డ పైకి తీసింది. నడివయసు మనిషి. కళ్లకు సుర్మా.

"నీది నల్లగొండ దిక్కు మాటనా?" అంది తెలుగులో.

ఇంత సముద్రం దాటి, ఈ కొండ కడుపులో, బురఖా లోపలి నుంచి తమ ఊరి మాట వచ్చింది. ఆండాళు కల అనుకుంది. "అవునమ్మా, పుట్టపాక," అంది.

"మాది దేవరకొండ," అంటూ ఆమె చాప మీద కూలబడింది. "పదేండ్లాయె గీ మాట ఇనక."

ఆమె పేరు సలీమా. ఆమె తండ్రి నిజాం ఫౌజులో అరబ్బు జమేదారు. ఆమె పుట్టింది, పెరిగింది, పెళ్లయింది దేవరకొండలోనే. నిజాం రాజ్యం పోయాక అరబ్బులను ఓడలెక్కించి వాళ్ల దేశానికి పంపారు. "వాపసు పంపుతున్నమన్నరు," అంది సలీమా. "నేను ఎన్నడు చూడని జాగకు వాపసు ఎట్ల పోతనో నాకు తెల్వలే. ఇప్పుడు దేవరకొండ గుట్ట మీద సీతాఫలాలు కాస్తున్నయా?"

"కాస్తున్నయి," అంది ఆండాళు. అది ఆమెకు నిజంగా తెలియదు. అయినా అంది.

మరునాడు సలీమా జొన్నపిండి తెచ్చింది. ఆ దేశంలో కూడా జొన్నలు పండుతాయని ఆండాళుకు అప్పుడే తెలిసింది. ఇద్దరూ కూర్చుని రొట్టెలు చేసుకున్నారు. ఆ తర్వాత సలీమా తనలాగే హైదరాబాద్ రాజ్యం నుంచి వచ్చిన ఆడవాళ్లను తీసుకొచ్చింది. వాళ్లు తమ ఇరుగుపొరుగు అరబ్బు ఆడవాళ్లను తీసుకొచ్చారు. సలీమా మాట అటూ ఇటూ మార్చి చెప్పేది. మగవాళ్ల రుమాలు ఆడవాళ్ల తలకు బరువట. పసిపిల్లల్ని చుట్టడానికి చిన్నవి కావాలట. పెళ్లికూతురుకు ఎరుపు ఎక్కువ ఉండాలట.

ఇవన్నీ పుట్టపాకకు కబురు పోయాయి. చంద్రయ్య ఏనుగులు మానేసి గడియారాలు, ఆకాశంలో పోయే విమానాలు, పూలు వచ్చేలా, నేతకు ముందే దారాలకు ముడులు కట్టి రంగులద్దడం మొదలుపెట్టాడు. గడియారాన్ని ఆయన దగ్గరగా చూసింది లేదు. ఎవరో గీసిచ్చిన బొమ్మను చూసి నేశాడు, ముండ్లు రెండూ ఒకే పొడవొచ్చాయి.

ఒక పెళ్లికి సలీమా ఆండాళును వెంట తీసుకుపోయింది. మగవాళ్లెవరూ రాని లోపలి వాకిలి. ఆడవాళ్లు బురఖాలు తీసి కూర్చున్నారు, డోలు మోగుతోంది. ఆండాళు గుమ్మంలోనే ఆగిపోయింది. వాకిలినిండా ఎర్రటి రుమాళ్లు. తలల మీద, భుజాల మీద, ఒళ్లో పడుకున్న పసిబిడ్డల మీద. ఒక ముసలామె తల మీద ముండ్లు సమానంగా ఉన్న గడియారం. అది తన బాపు చేతి నేత. దీపాల వెలుగులో, డోలు చప్పుడులో, ఆ వాకిలంతా పుట్టపాక నూనె వాసన. తాతలు, ముత్తాతలు గుంటల్లో కూర్చుని తలవంచి నేసిందంతా చివరికి ఇక్కడికి చేరుతున్నదని, ఇంతమంది తలల మీద పెట్టుకుంటున్నారని తమ వాళ్లలో మొదట చూసింది తను. సలీమా వెనక్కి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

"ఏమైందే?"

"ఏం కాలే. చూస్తున్న," అంది ఆండాళు.

దుకాణం నిలబడింది. ఏడెన్ శివారున షేక్ ఉస్మాన్ పేటలో ఇంకొకటి తెరిచారు. అక్కడా వెనక పరదా గది కట్టారు, అందులో సలీమా కూర్చుంది. ఎనిమిదేండ్లకు పైగా అలా నడిచింది. ఆ నడుమనే ఇంగ్లీషువాళ్ల మీద ఊళ్లో తుపాకులు మొదలయ్యాయి. సూయజ్ కాలువ మూతపడి ఓడలు రావడం మానేశాయి. అరవై ఏడులో ఇంగ్లీషువాళ్లు పోతున్నారని తెలిసినప్పుడు, లక్ష్మీనర్సయ్య కూడా మూటలు కట్టాడు.

"మాతోని దేవరకొండకు రా," అంది ఆండాళు.

సలీమా తల అడ్డంగా ఊపింది. "నా బిడ్డలు ఈడ పుట్టిన్రు. నువ్వు పో. సీతాఫలాల కాలంల నన్ను యాది చేసుకో."

నల్లగొండకు వచ్చాక లక్ష్మీనర్సయ్య ఏడెన్ సంగతి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "పెద్ద దేశం, మనకు అందలే," అనేవాడు. ఆండాళు మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయింది. ఒక పొద్దున నేరుగా పోయి దుకాణంలో పరుపు మీద కూర్చుంది. పరదా కట్టలేదు. బజారు జనం వింతగా చూశారు, మరుదులు మొగం ముడుచుకున్నారు. భర్త మాత్రం ఆమె ముందుకు చీరల కట్ట జరిపాడు. చీర కొనడానికి వచ్చిన పల్లె ఆడవాళ్లు ఆమె పక్కన చేరి, మగవాళ్లకు చెప్పలేనివన్నీ చెప్పుకుని, మెల్లగా ఏరుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి మిర్యాలగూడలో, సూర్యాపేటలో తోడికోడళ్లు కూడా దుకాణాల్లో కూర్చున్నారు.