నాగమ్మకు వినిపించని నోటీసు

మొన్న బజారులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం సిరా తడి అప్పటికింకా ఆరలేదు. ఆ సిరా వాసన తగలగానే ఏలూరులో రామలింగంగారి అచ్చాఫీసు గుర్తుకొచ్చి, ఆ బజారులోనే ఒక అరుగు మీద కూర్చుండిపోయాను. కాగితం రెండుసార్లు చదివినా ఏమి అమ్ముతున్నారో బోధపడలేదు. ఆయనే ఉంటే దాన్ని మెషీను ఎక్కనిచ్చేవారు కారు.

పంతొమ్మిది వందల ముప్పైల మాట ఇది. రామలింగంగారు పెద్దగా చదువుకున్నవారు కారు. నేను విద్వాన్ పరీక్ష ప్యాసై, ఆయన దగ్గర ప్రూఫులు దిద్దే పనిలో చేరాను. ఆయనకు ఒక అలవాటుండేది. ఏ కరపత్రమైనా అచ్చుకు వెళ్లేముందు, కొల్లేటి లంక నుంచి చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే నాగమ్మను గుమ్మంలో నిలబెట్టి, ఒక్కసారి చదివి వినిపించేవారు. ఆవిడ "అంటే ఏంటండీ?" అందంటే ఆ వాక్యం కొట్టేసినట్టే. నా వాక్యాలు ఎన్ని అలా మట్టి కరిచాయో! ఒళ్లు మండిపోయేది.

"చేపలమ్ముకునే మనిషి కోసమా అండీ నేను ఇన్నేళ్లు చదివింది?" అని ఒకరోజు అడిగేశాను.

ఆయన నవ్వారు. "చదివేవాడైతే వెనక్కెళ్లి మళ్లీ చూసుకుంటాడోయ్. వినేవాడికి ఆ వీలేదీ? ఊళ్లల్లో మన కాగితాలు వినేవాళ్లే గదా ఎక్కువ."

ఆ ముక్క నేను పెడచెవిన పెట్టాను.

ఆ ఏడు వానలకు కొల్లేరు పొంగి, లంకల్లో కలరా తగిలింది. రామలింగంగారు చెల్లెలి ఇంట పెళ్లి పనులకు తాడేపల్లిగూడెం వెళ్లి ఉన్నారు. సర్కారు గుమాస్తా ఒకడు కలరా గురించి ఇంగ్లీషు కాగితం తెచ్చి, తెలుగులో రాసి వెంటనే అచ్చు వేయమన్నాడు. ఇన్నాళ్లకు నాకు అడ్డు లేకుండా పోయింది. 'విషూచికా వ్యాధి ప్రబలుచున్నందున ప్రజలెల్లరు జలమును క్వథించి సేవింపవలయును' అని రాశాను. గుమాస్తా భేష్ అన్నాడు. ఆ పూట నాగమ్మ మా గుమ్మం ముందు నుంచే వెళ్లింది. నేను పిలవలేదు.

లంకలో డప్పు కొట్టి చదివినవాడికీ అది తెలియలేదు, విన్నవాళ్లకూ తెలియలేదు. సర్కారు కాగితం కదా అని అందరూ దణ్ణం పెట్టి ఇళ్లకు పోయారట. వారం దాటాక తిరిగివచ్చిన రామలింగంగారు నోటీసు చూశారు. 'కలరా వచ్చింది. నీళ్లు కాచి తాగండి' అని తానే అక్షరాలు కూర్చి, అచ్చు వేయించి, ఆ రోజే పడవలో పంపించారు.

నెల తరువాత నాగమ్మ తట్ట లేకుండా వచ్చింది. ఒక్కగానొక్క కూతురు మొదటి కాయితం వచ్చిన ఆ వారంలోనే కలరాతో పోయిందని చెప్పింది. "ఆ మొదటి కాయితంలో ఏం రాశారు బాబుగారూ?" అని నన్నే అడిగింది.

"నీళ్లు కాచి తాగమని" అన్నాను.

"అంతేనాండీ?" అంది. "ఆ ముక్క తెలిస్తే కాచుకునేవోళ్లం గదండీ."

ఆవిడ నన్ను తిట్టిపోసినా బాగుండేది. ఆ తరువాత మరి మా వీధికి రాలేదు. తేటగా రాస్తానని ఇప్పుడు నలుగురూ నన్ను మెచ్చుకుంటారు. అది ఎవరి బిడ్డ పోతే నేర్చుకున్నానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.