పసుపు అడిగితే మట్టిరంగు

ఆదోనిలో నేను పనిచేసిన పత్తి మిల్లు ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన రోజున దానికి జరిగిన మర్యాద, అక్కడున్న అన్నేళ్ళలో నాకు ఒక్కసారీ జరగలేదు. ముందు ఈ మాట చెప్పుకుంటే గాని మిగతావి నోటికి రావు.

అవి ఎనభైల చివరి రోజులు. పత్తి లెక్కలన్నీ లోపలి గదిలోని ఒక పెద్ద యంత్రంలో ఉండేవి. దానితో మాట్లాడడానికి టెర్మినల్ అనే ప్రత్యేకమైన పెట్టె కావాలట. అది కొనడం ఇష్టం లేక, మామూలు పీసీనే టెర్మినల్ లాగా నటింపజేసే ప్రోగ్రాం ఒకటి ఫ్లాపీలో తెప్పించారు. దాన్ని టెర్మినల్ ఎమ్యులేటర్ అంటారు. వేషం కట్టాక రంగు పూసుకోవాలి కదా, దానికీ రంగుల పట్టిక ఉండేది. అక్షరాలకు ఒక నంబరు, వెనక తెరకు ఒక నంబరు కొడితే చాలు. సున్నా నలుపు, నాలుగు ఎరుపు, ఏడు కాస్త మాసిన తెలుపు, పద్నాలుగు పసుపు.

నన్ను రెండు నెలల పరీక్ష మీద తీసుకున్నారు. రైతుకిచ్చిన చీటీ చూసి లాట్ నంబరు, తూకం కంప్యూటర్‌లో కొట్టడం నా పని. మూడు తప్పులు పడితే ఎమ్మిగనూరులో మా ఇంటికి పోయి, నాన్న మగ్గానికి మళ్ళీ నూలు కండెలు చుట్టుకోవడమే. అప్పటికే పదేళ్ళు చుట్టాను. ఇంకొక్క నెల చుట్టమంటే ఆ రాట్నాన్ని పొయ్యిలో పెట్టి ఉండేదాన్ని.

చేరిన రోజునే హెడ్ గుమాస్తా నా ఎదురుగా నిలబడి, నేను లేనట్టు, "మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూసునే ఇంటి పిల్లకు కంప్యూటరేందప్పా?" అన్నాడు. ఆ మాటను అక్కడికక్కడే మడిచి దాచుకున్నాను.

కంప్యూటర్‌కు పూజ చేశారు. కొబ్బరినీళ్ళు కీబోర్డులో పడకుండా నా పైట కొంగు అడ్డం పెట్టాను. పడి ఉంటే నన్ను తిట్టేవాళ్ళు, పడలేదు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. మిల్లు యజమానిని మేమంతా సావుకారి అనేవాళ్ళం. ఆయన తెర నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, వెనక్కి జరిగి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏందిమా, తెరంతా నల్లగా ఉండాది? లక్ష్మి వచ్చే సోట నలుపేంది?"

"కంప్యూటర్లన్నీ అట్లే ఉంటాయి సావుకారీ."

"మనది అట్ల ఉండగూడదు. ఎనక పసుపు పెట్టు, రాతకు కుంకుమ పెట్టు."

"పెట్టు పాపా, సావుకారి సెప్పినాడు కదా," అన్నాడు గుమాస్తా. ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యమే.

పెట్టాను. అక్షరాలకు నాలుగు, వెనక పద్నాలుగు. అయితే ఆ పీసీకి వెనక రంగులు ఏడో నంబరు వరకే తెలుసు. అది దాటి కొడితే, అడిగిన రంగుకు బదులు దాని ముదురు రంగు ఇచ్చి, పైగా అక్షరాలను ఆర్పి వెలిగించడం మొదలుపెడుతుంది. పసుపు అడిగితే మట్టిరంగు వచ్చింది. దాని మీద ఎర్రటి అంకెలు కన్ను కొడుతున్నాయి.

"పసుపేది?" అన్నాడు సావుకారి.

"కొత్తది కదా, రెండు దినాలు పోతే తేటబడతాది," అన్నాడు గుమాస్తా, కుండలో ఊరే నీళ్ళ సంగతి చెప్పినట్టు. "అయినా సూడండి, దీపం మాదిరి ఎట్ల ఎలుగుతాందో!"

సావుకారి మొహం వెలిగింది. దానితో నా పని ఆరిపోయింది.

వారం తిరగకముందే రెండు తప్పులు పడ్డాయి. ఆ మట్టిలో నేను కొట్టిన లాట్ నంబరులో ఎనిమిదికీ మూడుకూ తేడా తెలియలేదు. నందవరం రైతు తూకం గోనెగండ్ల రైతు పేరు మీదికి పోయింది. నందవరం ఆయన ఆఫీసుకొచ్చి, "నా పత్తి గోనెగండ్లకు ఎట్ల పోయిందప్పా? నడుసుకుంటా పోయిందా?" అని అరిచాడు. గుమాస్తా గోడ క్యాలెండర్ మీద నా పేరు రాసి రెండు గీతలు గీశాడు. మూడో గీతకు చోటు కూడా వదిలాడు. రంగు మార్చమని సావుకారిని రెండుసార్లు అడిగాను. "శుభమైంది మార్సగూడదు," అన్నాడు.

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నాను. మగ్గం మీద నిలువు పోగుల నల్ల పడుగు ఉంది. పోగు తెగింది. నాన్న తువ్వాలు తీసి పడుగు కింద పరిచాడు. తెల్లటి గుడ్డ మీద తెగిన కొస నల్లగా కనబడింది. ముడి వేశాడు.

"నలుపులో ఎతికితే కండ్లు పోతాయి మా. కింద తెలుపు ఎయ్యి, అదే కనపడతాది," అన్నాడు నా వైపు చూడకుండానే.

చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. తెర ముందు కూర్చున్నప్పుడు నాకు తట్టలేదు. ఆయన మాట పనికొచ్చిందని ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. నా కండెలు వదులని ఆయన ఊరందరితో అన్న మాటలు నాకు గుర్తున్నాయి.

మర్నాడు మొదటి బస్సుకే ఆదోని వెళ్ళి, అక్షరాలకు సున్నా, వెనక ఏడు కొట్టాను. చీటీ మీద సిరాతో రాసినట్టు అంకెలు కదలకుండా కూర్చున్నాయి.

"పసుపేమాయె?" అన్నాడు సావుకారి వస్తూనే.

"తీసేసినాను."

"ఎవురు తీయమన్నారు?"

"నా కండ్లు. ఈ పొద్దు చీటీలన్నీ సరిసూడండి సావుకారీ. ఒక్క తప్పుంటే నేనే బస్సెక్కి పోతా. లేకుంటే రంగుల జోలికి ఎవురూ రావద్దు."

గుమాస్తా అన్నం కూడా తినకుండా సాయంత్రం దాకా చీటీలు వెతికాడు. అంత శ్రద్ధగా పనిచేయడం అంతకుముందు నేను చూడలేదు. ఏమీ దొరకలేదు.

"పత్తి మాదిరి తెల్లగా ఉండాది. ఉండనీ," అన్నాడు సావుకారి. ఆ మరుసటి రోజు నుంచి వచ్చినవాళ్ళందరికీ, "తెలుపు నేనే పెట్టించినా," అని చెప్పుకున్నాడు.

రెండు నెలలు నిండాక నన్ను పర్మనెంట్ చేస్తూ ఉత్తర్వు టైపు చేసి గుమాస్తా నా చేతికిచ్చాడు. నా పనుల కింద చీటీలు ఉన్నాయి, తూకాలు ఉన్నాయి, రంగుల మాట లేదు. తీసుకోనన్నాను.

"ఉద్యోగం వద్దా పాపా?"

"కావాల. తెర రంగులు నా పని అని కూడా రాసియ్యి."

మధ్యాహ్నం దాకా అతని బల్ల ముందు కుర్చీలోంచి లేవలేదు. చివరికి పళ్ళు నూరుకుంటూ పెన్ను తీసి కింద రాశాడు. "సంతకం కూడా పెట్టన్నా," అన్నాను. పెట్టాడు.