క్యాసెట్ అట్ట మీద నేను దిద్దిన మాట

అచ్చులో తప్పు పడితే వేలితో నొక్కి చెరిపేసే సౌకర్యం లేని రోజుల్లో నేను ప్రూఫులు దిద్దడం నేర్చుకున్నాను. అప్పట్లో ఒక కాపీలో తప్పంటే ఐదు వందల కాపీల్లోనూ తప్పే. అందుకని విజయనగరంలో నేను పనిచేసిన ప్రెస్సులో నా ఎర్ర పెన్నుకు మంచి మర్యాద ఉండేది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు. చేరిన పదకొండు నెలల్లో నా చేతి మీదుగా వెళ్ళిన శుభలేఖల్లో తప్పులు మూడంటే మూడు. (నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఒకదాంట్లో పెళ్ళికూతురి పేరే మారింది గాని, పెళ్ళి ఆగలేదు.) నాలుగో తప్పు శుభలేఖలో పడలేదు. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

మా మేనమామ కొడుకు, అంటే నాకు బావ, ముగ్గురు స్నేహితులతో కలిసి పాటల బృందం పెట్టాడు. సినిమా పాటలు పాడరు, ఏ కంపెనీ గుమ్మమూ ఎక్కరు, సొంత పాటలు సొంతంగా క్యాసెట్ వేసుకుంటారు. (ఇప్పటి పిల్లలు దీన్ని ఇండీ బ్యాండ్ అంటున్నారు. అప్పుడు పనీపాటా లేనివాళ్ళు అనేవారు, వీళ్ళకు పాట మాత్రం ఉండేది.) మా మావయ్యకు పాతపట్నం దగ్గర వరి పొలం. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. "సాల్రా నీ పాటలు! ఇంక నాగలి పట్టు," అని ఆయన ఒకరోజు కేకలేస్తే బావ ఇల్లు విడిచి వచ్చేశాడు. క్యాసెట్ తయారయ్యేనాటికి అది జరిగి రెండేళ్ళ ఒక నెల. మధ్యలో మాటల్లేవు. ఈలోగా మావయ్య మంచం పట్టారని కబురొచ్చింది. మొదటి క్యాసెట్ తీసుకెళ్ళి తండ్రి చేతిలో పెట్టాలని బావ ఆశ.

"ఏటే మరదలా, మా క్యాసెట్టుకి అట్ట నువ్వే సెయ్యాలి," అన్నాడు ఒక శుక్రవారం ప్రెస్సుకొచ్చి. క్యాసెట్ డబ్బాలో మడిచి పెట్టే కార్డు అది. నేనెప్పుడూ చేయలేదు. కాబట్టి పరిశోధన మొదలుపెట్టాను. స్కేలు పట్టుకుని వరసగా ఆరు సాయంత్రాలు క్యాసెట్ల దుకాణానికి వెళ్ళాను. నలభై మూడు అట్టలు కొలిచాను. ముఖం నూటొక్క మిల్లీమీటర్లు, వెడల్పు అరవై ఐదు, పక్కనుంచి కనబడే వీపు పదమూడుకు కాస్త తక్కువ. ఏ రంగు అక్షరం ఎన్ని అడుగుల దూరం నుంచి కనబడుతుందో వెనక్కి నడుస్తూ లెక్కపెట్టాను. (అలా నడుస్తూ ఒకసారి సోడాల బండిని గుద్దుకున్నాను. పసుపు మీద నలుపు, పద్నాలుగు అడుగులు.) దుకాణం ఆయన చూసి చూసి, "అమ్మా, ఇది పాటలినే కొట్టు. కొలతలకైతే టైలరు పక్కనున్నాడు," అన్నాడు.

బావ ఇచ్చిన కాగితం మీద ఎనిమిది పాటల పేర్లున్నాయి, ఊళ్ళో మాట్లాడినట్టే రాసినవి. సుక్కపొద్దు, సెరువుగట్టు, సింతకొమ్మ, సలిమంట... చివరిది, క్యాసెట్ పేరు కూడా అదే: సాలు. పాటలు నేనింకా వినలేదు.

"ముందర ఏం బొమ్మ వేయమంటావు బావా?"

"బొమ్మలేటీ వద్దు. అడ్డంగా ఒక్క గీత. సాలు."

ఒక్క గీత చాలన్నాడని అనుకున్నాను. ముచ్చటగానే ఉందనిపించింది, ఒక గీత, ఒక మాట. అట్ట కింది భాగంలో మట్టిరంగు గీత గీశాను. తర్వాత ఎర్ర పెన్ను తీశాను. చుక్కపొద్దు, చెరువుగట్టు, చింతకొమ్మ, చలిమంట. సంత, సందేళ అన్నవి సకారంతోనే ఒప్పు కనుక ముట్టుకోలేదు. అంత జాగ్రత్త నాది. సాలు ఎదురైంది, చాలు చేశాను. ప్రూఫు చూసుకోమంటే బావ, "నువ్వు సూసేక నాను సూసేదేటే?" అన్నాడు. నన్ను ఇంకెవరూ అంత నమ్మలేదు.

అట్టలు ఎండిన రోజే నేను లెక్కపెట్టి కట్ట కట్టించాను. ఒకదాన్ని డబ్బాలో మడిచి ఇస్తే, బావ చూడకుండానే జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. తోడుగా నేనూ వెళ్ళాను.

మావయ్య నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. రెండేళ్ళ తర్వాత కొడుకుని చూసి, "సిక్కిపోయినావురా," అన్నారు. అంతే, కాని ఆ ఒక్క మాటకే బావ కళ్ళు నిండాయి. క్యాసెట్ తండ్రి చేతిలో పెట్టాడు. ఆయనకు చదువు రాదు. "ఏటి రాసున్నాదే?" అంటూ అత్తకు అందించారు. అత్త మిషన్ బడిలో చదువుకుంది. రోజూ బైబిలు పైకి చదివే మనిషి, ఒక్క అక్షరం మింగదు.

"చా... లు," అని చదివింది. తర్వాత తనే మెల్లగా, "ఇంక సాలని," అంది.

మావయ్య ముఖం వాడిపోయింది. "నానన్న మాటనే అట్టకెక్కించి నా సేతికిచ్చినావురా?"

బావ అట్టను లాక్కుని అప్పుడు, మొదటిసారి, చూశాడు. నావైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

"బావ తప్పు కాదు మావా," అన్నాను. "బావ సాలనే రాసేడు. నానే దాన్ని సాలని దిద్దేను." భయానికి నేను దిద్దిన చా కూడా నా నోట్లో సా గానే పలికింది.

"ఆడు సాలని రాస్తే నువ్వు సాలని దిద్దినావా? ఏటే పిల్లా నీ గోల?"

"ఆ సాలు కాదు మావా! నాగలి..." అన్నాక గాని నాకే తెలియలేదు, ఆ మాటేమిటో, ఆ గీతేమిటో. బావ తలొంచుకుని, "నాగలి సాలు నాన్నా. నువ్వు దున్నితే మట్టిలో పడే సాలు," అన్నాడు.

మావయ్య చాలాసేపు దగ్గారు. "నా నోట్లో రెండూ ఒకటే కదే. నీ పెన్నులో రెండెలాగయ్యేయి?" అన్నారు. (తర్వాత నిఘంటువు చూశాను. నాగటి చాలు అని కూడా ఉంది, అక్షరం ఒప్పేనట. అట్ట చూసినవాళ్ళెవరూ నిఘంటువు పట్టుకురాలేదు.)

పక్కింటి టేప్ రికార్డర్ తెచ్చి ఆ పాట పెట్టారు. నాలుగు నిమిషాల పది సెకన్లు. ఎడ్లను అదిలించే తండ్రి కేకే పల్లవి. మావయ్య కళ్ళు మూసుకుని విన్నారు. పాట అయిపోయాక కళ్ళు తెరవకుండా, "సాలు," అన్నారు.

తొమ్మిదో రోజున పోయారు.

క్యాసెట్లు అరవై మూడు అమ్ముడయ్యాయి. "కొత్తదేటుందని అడుగుతారమ్మా. 'చాలు' అంటాను. సరేనని ఎల్లిపోతన్నారు," అన్నాడు దుకాణం ఆయన. బృందం విడిపోయింది. బావ సాలూరులో లారీల ఆఫీసులో చేరి మళ్ళీ పాడలేదు. కలిసినప్పుడల్లా మాత్రం, "నాన్నన్నది ఏ సాలే? నువ్వు దిద్దీదానివి కదా, సెప్పు," అంటాడు. పాట మెచ్చుకున్నారో, ఆపమన్నారో, బతుకే చాలన్నారో. ఆ ఒక్క మాట పక్కన ఏ గుర్తు పెట్టాలో నాకీనాటికీ తెలియదు.

మొన్న మా చెల్లెలి మనవరాలు వచ్చింది. దానికీ ఒక బ్యాండు ఉంది. ఫోన్లో పాటల పక్కన కనబడే బొమ్మకు అక్షరాలు సరిచూడమని కాగితం ఇచ్చింది. పైన 'సీకటి' అని ఉంది. చెయ్యి తనంతట తానే ఎర్ర పెన్ను మూత తీసింది. కాసేపు చూసి, మూత పెట్టేశాను.

"ముందు పాడవే. ఇన్నాక సెప్తాను," అన్నాను.

నా నోట అలా వచ్చినందుకు పిల్ల పకపకా నవ్వింది. నేను దిద్దుకోలేదు.